పల్సానా రోడ్డు పాయింటు

మా పోలీస్ స్టేషన్‌లో నేను హాజరీ మాస్టర్ని. బళ్ళో పిల్లల పేర్లు పిలిచే ఉద్యోగం లాంటిదని మా చుట్టాలు చాలామంది అనుకునేవాళ్ళు. సగం నిజమే. పొద్దున్నే అందర్నీ వరసలో నిలబెట్టి పేర్లు పిలవాలి, ఎవరొచ్చారో ఎవరు రాలేదో రాసుకోవాలి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఎవరు ఏ చౌరస్తాలో నిలబడాలి, ఎవరు ఏ గేటు దగ్గర ఉండాలి, కోర్టుకెవరు, ఆస్పత్రికెవరు, అంతా నేను రాసిన కాగితం ప్రకారం నడుస్తుంది. గుజరాత్‌లో ఇన్‌స్పెక్టర్ని పీఐ సాహెబ్ అంటారు. ఆయన సంతకం పెడతాడు, రాసేది మాత్రం నేనే. కానిస్టేబుళ్ళు సెల్యూట్ కొట్టేది పీఐ సాహెబ్‌కే గానీ భయపడేది హాజరీ మాస్టరుకి. అప్పట్లో నేను ఆ భయాన్ని గౌరవం అనుకునేవాణ్ణి.

నేను పుట్టింది సూరత్‌లోనే. మా నాయన కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి, సలాబత్‌పురా దగ్గర ఒక కార్ఖానాలో సాంచెలు నడిపాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలనే అంటారు. ఏ సాంచె ఎవరికివ్వాలో చెప్పే మాస్టరు ఒకడుండేవాడు. బాగా నడిచేవన్నీ తన ఊరివాళ్ళకు ఇచ్చుకునేవాడు. నిమిషానికోసారి పోగు తెగే పాతవి మావాళ్ళకు మిగిలేవి. నాయన తెగిన పోగులు ముడేస్తూనే ఇరవై ఏళ్ళు గడిపాడు. అన్నం ముందు కూర్చుని ఆ మాస్టర్ని తిట్టని రోజు నాకు గుర్తులేదు. ఆ తిట్లు వింటూ నేను మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడు దాకా చదివి, తర్వాత గుజరాతీ బడికి మారి, చివరికి పోలీసునయ్యాను.

అందుకే హాజరీ మాస్టరు కుర్చీలో కూర్చున్న రోజే ఒట్టు పెట్టుకున్నాను. నా దగ్గర నావాడు, పరాయివాడు అనే తేడా ఉండకూడదు. నాకు ముందున్నవాళ్ళ కాలంలో డ్యూటీ నిలబడే చోట్లలో, అంటే పాయింట్లలో, నీడ ఉన్నవి కావాలంటే కానిస్టేబుళ్ళు ఎవరిచేతనో ఫోన్ చేయించుకునేవాళ్ళు. నేను వచ్చాక అది బందయింది. పాయింట్లన్నిటికీ వరసగా అంకెలు వేశాను. ఈరోజు ఒకటో పాయింటులో ఉన్నవాడు రేపు రెండు, ఎల్లుండి మూడు. ఎండైనా నీడైనా అందరికీ వంతు ప్రకారం రావాల్సిందే. నా రిజిస్టరు చూసి మా ఆవిడ నవ్వేది. "పెండ్లి ముహూర్తం పెట్టే అయ్యగారు గూడ గింతగనం సోంచాయించడు," అనేది. స్టేషన్‌లో మాత్రం నన్ను 'సఖ్త్ ఆద్మీ' అనేవాళ్ళు. కఠినమైన మనిషి అని. నాకది బిరుదులా వినిపించేది, చొక్కా మీద కుట్టించుకోమన్నా కుట్టించుకునేవాణ్ణి.

మా స్టేషన్‌లో నేను గాక తెలుగు మాట్లాడే మనిషి ఇంకొక్కతే ఉండేది. లేడీ కానిస్టేబుల్, ఇరవై ఆరేళ్ళుంటాయేమో. వాళ్ళ నాయన కూడా సాంచెల మీద పనిచేసినవాడే. భేస్తాన్‌లో మావాళ్ళు ఉండే గల్లీల నుంచి ఖాకీ వేసుకుని బయటికొచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. లోక్ రక్షక్‌గా, అంటే కొత్త కానిస్టేబుల్‌గా చేరింది. ఆ ఉద్యోగం మొదటి ఐదేళ్ళూ ఖాయం కాదు. ఐదేళ్ళు నిండాక కాగితాలన్నీ తిరగేసి, ఎక్కడా మచ్చ లేకపోతే కన్ఫర్మ్ చేస్తారు. లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి ఆమెకు ఇంకా ఏడు నెలలుంది. ప్రసూతి సెలవు ముగించుకుని అంతకుముందే డ్యూటీలో చేరింది. ఇంట్లో ఆరు నెలల ఆడపిల్ల. ఆ పాప తల్లిపాలు తప్ప ఇంకేదీ నోట పెట్టేది కాదు. మొగుడు సాంచెల మనిషి, కార్ఖానా మూసేశారు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. ఉద్యోగం మానెయ్యమని అత్త పోరుపెడుతోంది. ఆమె మాత్రం రెండూ వదలదలచుకోలేదు. ఉద్యోగం నిలవాలి, పాపకు తన పాలు అందాలి.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. పాప పుట్టిందని తెలుసు, ఏడు నెలల్లో ఖాయమవుతుందని తెలుసు. ఈ రెండిటి మధ్యా ఆమె నలిగిపోతోందని మాత్రం తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేయలేదనడమే న్యాయం. ఆమె మా స్టేషన్‌కు బదిలీ అయి వచ్చిన మొదటి రోజు నా బల్ల దగ్గరకొచ్చి, "నమస్తే కాకా, మీది గూడ కరీంనగర్ దిక్కేనంట గద," అంది, మొహం వెలిగిపోతూ. చుట్టూ నలుగురున్నారు. నేను తలెత్తకుండా, స్టేషన్‌లో తెలుగు వద్దు, ఇక్కడ నేనెవరికీ కాకాను కాను అని హిందీలో చెప్పాను. ఆ తర్వాత ఆమె నాతో తెలుగులో ఒక్క ముక్క మాట్లాడలేదు. మంచి క్రమశిక్షణ గల పిల్ల అనుకుని సంతోషించాను కూడా.

లాక్‌డౌన్ వచ్చాక సెలవులన్నీ రద్దయ్యాయి. వారం సెలవు కూడా లేదు. కొందరు క్వారంటైన్‌లో, కొందరు జ్వరంతో ఇళ్ళల్లో, వయసు మళ్ళినవాళ్ళను ముందు వరసలో వెయ్యొద్దని ఆజ్ఞ. ఇది చాలదని సలాబత్‌పురా బట్టల బజారు గల్లీల్లో కాపలాకు అక్కడి స్టేషన్‌వాళ్ళు రోజూ మా దగ్గర్నించి కొందర్ని అరువు తీసుకునేవాళ్ళు. మిగిలినవాళ్ళకు పన్నెండేసి గంటల డ్యూటీ. నా అంకెల వరస ఎలా కుదరాలి? చెరిపి రాసి, చెరిపి రాసి, ఎలాగో కుదిర్చేవాణ్ణి.

పాయింట్లన్నిటిలోకి దూరమైనది పల్సానా రోడ్డుది, మా హద్దుకు చివర. రెండు పక్కలా బట్టలకు రంగులు వేసే మిల్లులు, అన్నీ మూతబడి ఉన్నాయి. ఎప్పుడూ ముక్కులు బద్దలయ్యే రంగుల వాసన ఆ నెలల్లో అసలు లేదు. రోడ్డు మీద అడ్డంగా బారికేడ్, పక్కన ఒక టార్పాలిన్, నలుగురు మనుషులు. లేడీ కానిస్టేబుళ్ళను దగ్గరి పాయింట్లలో వెయ్యడం మా దగ్గర పాత ఆనవాయితీ. మనుషులు సరిపోక నేను దాన్ని తీసేశాను. తీసేసింది అందరికీ అనుకోండి. కానీ ఆమె పేరు రాసేటప్పుడు నా కలం ఇంకాస్త గట్టిగా కదిలేది. దగ్గర వేస్తే తనవాళ్ళ పిల్ల కాబట్టి వేశాడంటారు. ఆ మాట పడడం నాకిష్టం లేదు. వరసలో ఎక్కడన్నా సర్దుబాటు చెయ్యాల్సి వస్తే దూరం పాయింటు ఆమెకే పడేది.

పొద్దున వరసలో పేర్లు పిలవడం అయ్యాక పీఐ సాహెబ్ ఒక ప్రశ్న అడిగేవాడు. "కోయీ తక్లీఫ్?" ఎవరికైనా ఇబ్బందా అని. వరస మొత్తం ఒకే గొంతుతో "నహీ సాబ్" అనేది. ట్రైనింగ్‌లోనే నేర్పుతారు అది, గట్టిగా అనాలని. ఇబ్బంది ఉన్నవాడు కూడా గట్టిగానే అంటాడు. నేను వెంటనే రిజిస్టరులో 'ఫిర్యాదులు లేవు' అని రాసేవాణ్ణి. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు. ఆ నెలల పేజీలన్నిటిలోనూ ఆ ముక్క చక్కగా కనిపిస్తుంది.

మే నెలలో ఒకరోజు, మధ్యాహ్నం మూడు దాటింది. వాకీటాకీలో నాకోసం పిలుపొచ్చింది. తనిఖీకి బయల్దేరిన పెద్దాఫీసరు ఒకాయన పల్సానా రోడ్డు పాయింటులో బండి ఆపాడట. నలుగురు ఉండాల్సినచోట ముగ్గురే ఉన్నారు. లేనిది లేడీ కానిస్టేబుల్. హాజరీ మాస్టరు వెంటనే వెళ్ళి చూసి సాయంత్రానికల్లా రిపోర్టు పెట్టాలి. పాయింటు వదిలిపోవడం మా శాఖలో చిన్న తప్పు కాదు. గైర్‌హాజరు అని ఒక్క మాట రాస్తే చాలు, ఇంకా ఖాయం కాని మనిషి సంగతి అక్కడితో ముగిసినట్టే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతమందిలో నా పరువు తియ్యడానికి మావాళ్ళ పిల్లే దొరికిందా అనుకుంటూ మోటార్‌సైకిల్ తీశాను. ఎండ పేలిపోతోంది. దారిపొడుగునా ఆమెను ఏమేం అనాలో హిందీలో ఒకసారి, గుజరాతీలో ఒకసారి వల్లె వేసుకున్నాను.

పాయింటులో ఒక గుజరాతీ ఏఎస్సై ఉన్నాడు. యాభై దాటిన మనిషి, దేనికీ కంగారుపడడు. బారికేడ్ దగ్గర రెండు చేతుల్లో రెండు లాఠీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆమె ఏది?" అన్నాను.

"ఇక్కడే ఉంది సాహెబ్. ఇదిగో ఆమె లాఠీ," అని రెండోది పైకెత్తి చూపించాడు.

ఇంకో సమయంలో అయితే నవ్వేవాణ్ణి. నా మొహం చూసి ఆయన కూడా మాట మార్చి, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న మిల్లు గేటు వైపు చెయ్యి చూపించాడు. గేటు పక్కన కాపలాదారు గది. గది బయట నీళ్ళు నిండిన రెండు బకెట్లు, ఒక సబ్బు బిళ్ళ. ఎండలో మేకుకు ఖాకీ చొక్కా వేలాడుతోంది. గదికి వీపు పెట్టి మాస్కు కట్టుకున్న కుర్రవాడొకడు నిలబడ్డాడు, పక్కన బండి. నేను గుమ్మం దాకా వెళ్ళేసరికి స్టూలు మీద కూర్చున్న ముసలి కాపలాదారు లేచి అడ్డం నిలబడ్డాడు.

"జర ఆగుండ్రి సారూ. లోపటికి పోవద్దు. బిడ్డ పాలు తాగుతాంది."

యూనిఫారంలో ఉన్నవాణ్ణి ఒక వాచ్‌మన్ అడ్డుకోవడం, అదీ తెలుగులో! నా పేరుబిళ్ళ చదివి తెలుగువాణ్ణని పట్టేసినట్టున్నాడు. నేను ఎవరు నువ్వని గద్దించాను.

"నేనా? మాది జగిత్యాల దిక్కు. మిల్లు బందైనంక సేటు నన్నొక్కన్నే ఉంచిండు కావలికి. గామెకు డ్యూటీ ఈడ పడ్డ దినం పదింటికొకపారి, మూడింటికొకపారి గిట్ల అస్తది. మొగడు భేస్తాన్ నుంచి పాపను పట్టుకొస్తడు. రెండు బకెట్లు నింపి పెడుత. మోచేతులదాంక సబ్బుతోని కడుక్కుంటది, అంగీ ఇడిసి ఎండల ఏస్తది, గప్పుడుగని పాపను ముట్టది. అర్ధగంట సారూ. గంత మాత్రానికి దొంగను పట్టనీకొచ్చినట్టు ఉరికొస్తిరి, ఏంది గిది?"

గద్దించడానికి తెచ్చుకున్న హిందీ, గుజరాతీ రెండూ దారిలోనే పడిపోయాయి. ఎండలో నిలబడ్డాను. నాకింద పనిచేసేవాళ్ళ గుమ్మం ముందు నేను వేచి ఉండడం అదే మొదలు. లోపల్నించి పాప గుటకలు వేసే చప్పుడు, మధ్యలో ఆమె ఏదో చిన్నగా అనడం వినిపించాయి. ఏఎస్సై నా వెనకాలే వచ్చి, "స్టేషన్‌లో అందరికీ తెలుసు సాహెబ్," అన్నాడు. "ఆమెకు ఎక్కడ డ్యూటీ పడితే అక్కడ మాలో ఒకరం చూసుకుంటాం. సలాబత్‌పురాలో పడిన రోజు ఒక దుకాణం వాళ్ళ వెనక గది ఇప్పించాం."

"నాకెందుకు తెలియదు?"

ఆయన బారికేడ్ వైపు వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పోలీసు దగ్గర దొంగలు సొత్తు దాచినట్టు, స్టేషన్ స్టేషనంతా ఒక పసిపిల్ల పాల సంగతి నా దగ్గర దాచింది.

కుర్రవాడు మేకు మీది చొక్కా లోపలికి అందించి పాపను తీసుకున్నాక ఆమె బయటికొచ్చింది. చొక్కా, బెల్టు, టోపీ, మాస్కు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నన్ను చూడగానే సెల్యూట్ కొట్టి బిగుసుకుపోయింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, అవీ నేల చూస్తున్నాయి. నేను ఆమెతో మొదటిసారి తెలుగులో మాట్లాడాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల జెప్పాలె సార్? రోజు అడుగుతరు, తక్లీఫ్ ఉందా అని. అందరు నై సాబ్ అంటరు. నేనొక్కదాన్నే ఉంది అంటే కన్ఫర్మ్ చేసేటప్పుడు యాదికొస్తది గద. ఇంకోటి..." ఆగింది.

"చెప్పు."

"తెలుగోళ్ళకైతే సాహెబ్ ఇంకా సఖ్త్ అంటరు సార్ అందరు. అడిగితే మీకే ఇజ్జత్ పోతదేమో అనుకున్న." మళ్ళీ తనే అంది. "అత్తమ్మ రాజీనామా రాయించింది. కాయితం ఇంట్ల ఉంది. ఎప్పుడిస్తవని రోజు అడుగుతది. నేను నౌకరీ ఇడువ సార్. పాప పాలు గూడ ఇడిపియ్య. ఏడు నెల్లు ఎట్లనన్న రెండు జేస్త అనుకున్న. ఇప్పుడు గిట్లాయె."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. "ఆ కాయితం చింపెయ్యి బిడ్డా," అన్నాను. "నీ మీద మచ్చ పడనియ్య. రిపోర్టు నేను సూసుకుంట. కని ఒక్క మాట. గీ సంగతి తేలేదాంక పాయింటు ఇడిసి అడుగు గూడ బయట పెట్టకు. ఒక్క నిమిషం గూడ. మళ్ళ ఎవలన్న చూస్తే నేను గూడ ఏం జెయ్యలేను."

"సరే సార్," అంది. మొగుడి వైపు చూసింది. అతను పాపను దుప్పటిలో సర్దుకుంటున్నాడు. ఆ చూపును నేను కృతజ్ఞత అనుకున్నాను. వచ్చేటప్పుడున్న మంట చల్లారి, తిరిగి వెళ్ళేటప్పుడు నాకు ఎండ కూడా అనిపించలేదు.

రిపోర్టు మూడుసార్లు రాశాను. మొదటిసారి ఉన్నదున్నట్టు, అరగంట గైర్‌హాజరు అని రాసి చింపేశాను. రెండోసారి ఒంట్లో బాగాలేక పక్కకు వెళ్ళిందని రాశాను. అబద్ధం రాయడం నాకు చేతకాదు, అక్షరాలు కూడా వంకర్లు పోయాయి. అదీ చింపాను. మూడోసారి నిజమే రాశాను. పసిపిల్ల తల్లి అని తెలిసి కూడా పరిస్థితి విచారించకుండా ఇంత దూరం డ్యూటీ వేసిన తప్పు హాజరీ మాస్టరుదని, పాపకు పాలివ్వడానికి ఆమె పాయింటుకు పిలుపు దూరంలోనే ఉందని, చర్య తీసుకోదలిస్తే నా మీద తీసుకోవాలని రాశాను.

పీఐ సాహెబ్ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు. చెడ్డ మనిషి కాదు. "తన మీద తనే రిపోర్టు రాసుకున్న హాజరీ మాస్టర్ని నా సర్వీసులో చూడలేదు," అన్నాడు. పైకి పంపిస్తాను, వాళ్ళేమంటారో చూద్దాం అన్నాడు.

పైనుంచి జవాబు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ నేను ఆమె డ్యూటీ మార్చలేదు. మార్చే అధికారం నాకుంది. ఎవరి ఆర్డరూ అక్కర్లేదు, కలం నా చేతిలోనే ఉంది. కానీ విచారణ నడుస్తుండగా ఆమెను దగ్గరికి తెస్తే, తనవాళ్ళ పిల్లను కాపాడుకుంటున్నాడు అంటారు. ఆర్డరు రానీ, అప్పుడు ఎవరూ వేలెత్తి చూపకుండా చేద్దాం అనుకున్నాను. వరస ప్రకారం ఆమెకు ఒకరోజు సలాబత్‌పురా, ఒకరోజు ఆస్పత్రి గేటు, మళ్ళీ పల్సానా రోడ్డు పడ్డాయి. ఎక్కడా ఆమె అడుగు బయట పెట్టలేదని ఏఎస్సై చెప్పాడు. నాకు తృప్తిగా అనిపించింది.

ఇంకో పని కూడా మొదలుపెట్టాను. స్టేషన్ వెనక పట్టుకున్న బళ్ళు పెట్టే రేకుల షెడ్డు ఉంది. అందులో ఆరడుగుల దూరంలో రెండు కుర్చీలు వేయించి, రోజూ కొందర్ని ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టాను. ఇంట్లో ఎలా ఉంది, ఒంట్లో ఎలా ఉంది అని అడిగాను. మొదటి రోజు వచ్చిన ఆరుగురూ "నహీ సాబ్" అని సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయారు. ఇదేదో కొత్త వల అనుకున్నారు పాపం. రెండో రోజు నా సంగతే ముందు చెప్పాను. నాకు బీపీ ఉంది, మాత్రలు బల్ల సొరుగులో ఫైళ్ళ కింద దాస్తాను, పీఐ సాహెబ్‌కు కూడా తెలియదు అన్నాను. అప్పుడు నోళ్ళు విప్పారు.

ఒకతను షుగరుకు సూదులు వేసుకోవాలి. ఇంట్లో ఫ్రిజ్ లేక మందు ఒక చాయ్ దుకాణంలో పెట్టుకునేవాడు. దుకాణం మూసిన రోజు నుంచి సూది మానేశాడు! పన్నెండు గంటలు ఎండలో నిలబడుతున్నాడు. ఆ సాయంత్రమే పీఐ సాహెబ్ గదిలోని ఫ్రిజ్‌లో అతని మందుకు చోటు ఇప్పించాను. జీపు డ్రైవరు ఇంటికి పోవడమే మానుకున్నాడు, ఒకే గది ఇల్లు, తండ్రికి ఉబ్బసం. అతని బట్టలు ఉతికే మనిషి లేక అవే బట్టలు. నాకంటే పెద్దవాడైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన చాలాసేపు అటూ ఇటూ చూసి, ఫోన్‌లో పాసులు పరీక్షించే కొత్త పద్ధతి తనకు అర్థం కావడం లేదని, రెండు నెలలుగా చూసినట్టు నటిస్తున్నానని చెప్పాడు. ఆయనకు నేర్పడానికి చదువుకున్న పిల్లవాణ్ణి ఒకణ్ణి జత చేశాను. వారం తిరక్కుండా ఆయనే ఇంకొకరికి నేర్పుతూ కనిపించాడు, గొంతు పెంచి మరీ.

రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా 'ఇంటి సంగతి' అని కొత్త గడి గీశాను. ఏళ్ళ తరబడి మనుషుల పేర్లు రాస్తున్నాను గానీ వాళ్ళ గురించి నాకేమీ తెలియదని అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది, కానీ హుషారు కూడా వచ్చింది. ఆ రోజుల్లో చుట్టూ ఎన్ని చావు కబుర్లు విన్నా, నేను మాత్రం పొద్దున్నే ఉత్సాహంగా స్టేషన్‌కు వెళ్ళేవాణ్ణి. అందర్నీ పిలిచాను. ఆమెనొక్కదాన్నే పిలవలేదు. ఆమె సంగతి నాకు తెలుసు కదా అనుకున్నాను.

పదమూడో రోజు పీఐ సాహెబ్ పిలిచి కాగితం చూపించాడు. ఆమె మీద ఏ చర్యా లేదు, ఆమె ఫైల్లో ఒక్క గీత కూడా పడదు. ఇకమీదట డ్యూటీలు జాగ్రత్తగా వెయ్యాలని నాకు హెచ్చరిక. నా సర్వీసు మొత్తంలో నా మీద పడిన మచ్చ అదొక్కటే. దాన్ని చూసి అంత ఆనందపడిన పోలీసు ఇంకొకడు ఉండడు. ఆ క్షణమే కొత్త కాగితం తీసి ఆమెకు స్టేషన్ ముందు టేబుల్ రాశాను. ప్రయాణం పాసులు అడిగేవాళ్ళ దరఖాస్తులు తీసుకునే పని. నీడ, ఫ్యాను. ఇంటికి నడిచి వెళ్ళి రావచ్చు. పదింటికి ఒక గంట, మూడింటికి ఒక గంట ఆమె ఉండదని, ఆ సమయంలో ఫలానావాళ్ళు కూర్చోవాలని ఎర్ర సిరాతో రాసి గోడకు అంటించాను. అందరూ చదవాలనే అంటించాను. ఎవడేమంటాడో అననీ అనిపించింది.

మర్నాడు ఆమె టేబుల్ దగ్గర కూర్చుంది. మనుషులు వరసలో వచ్చి కాగితాలిస్తున్నారు. పది దాటింది. ఆమె లేవలేదు. పని ఎక్కువగా ఉందేమోలే అనుకున్నాను. బదులు కూర్చోవాల్సిన కానిస్టేబుల్ వచ్చి పక్కన నిలబడి, కాసేపు చూసి వెళ్ళిపోయాడు. పదకొండయింది. నేను దూరం నుంచి గోడ గడియారం వైపు సైగ చేశాను. ఆమె చూసి, తల ఊపి, మళ్ళీ దరఖాస్తులు సర్దుకుంది.

మూడింటికి కూడా అంతే. నా పాత కోపం మళ్ళీ తన్నుకొచ్చింది. ఇంత కష్టపడి, మచ్చ కూడా వేయించుకుని కుదిర్చిపెడితే, వెళ్ళదేమిటీ పిల్ల? మూడున్నరకు వరస కాస్త పలచబడ్డాక దగ్గరికి వెళ్ళాను.

"ఇంటికి పోతలేవేంది? గోడకు రాసి పెట్టిన గద. ఎవలు ఏమంటరని భయం?"

"భయం ఏం లేదు సార్." కాగితాల అంచులు సమంగా తట్టి బల్ల మీద పెట్టింది. "మంచిగ రాసిండ్రు. పోయి ఏం జెయ్యాలె? పాలు ఎండిపోయినయ్."

నాకు వెంటనే అర్థం కాలేదు. పాలు ఎందుకు ఎండిపోతాయి అన్నట్టు చూశాననుకుంటాను. ఆమె చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"పగలంత తాగకపోతే తగ్గుతయ్ సార్. మొదటి మూడు దినాలు జ్వరమొచ్చింది, రొమ్ములు గట్టిపడ్డయ్. గట్లనే నిలబడ్డ. తర్వాత తగ్గుకుంట పోయినయ్. పాప పగలంత ఏడుస్తాందని అత్తమ్మ చెంచతోని బర్రెపాలు పోసుడు అలవాటు చేసింది. మొన్న ఇంటికి పోయి ఒడిల ఏసుకుంటే నోరు పెట్టలే. మొహం తిప్పుకుంది."

"ఎప్పటి సంది?" అన్నాను. ఎందుకడిగానో తెలియదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

ఆమె లెక్కపెట్టుకుంది. "మీరు పాయింటు ఇడువద్దని చెప్పినంక, ఎనిమిదో దినం," అంది.

నిష్ఠూరంగా అనలేదు. అడిగిన దానికి జవాబు చెప్పింది, అంతే. నిష్ఠూరంగా అన్నా బాగుండేది. నా మీద పడ్డ హెచ్చరిక కాగితం జేబులోనే ఉంది, ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకు చూపిద్దామని. కలం నా చేతిలో ఉండగా నేను పన్నెండు రోజులు ఎదురుచూసింది పైవాళ్ళ ఆర్డరు కోసం కాదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనకూడదని. అది నాకు అక్కడే, ఆ టేబుల్ ముందే తెలిసింది. క్షమించు బిడ్డా అనాలని ఉంది. చుట్టూ జనం ఉన్నారని అనలేదు.

"గా రెండు గంటలు కేసులు రాసే రైటర్ దగ్గర కూసుండే అక్కకియ్యిండ్రి సార్," అందామె. "ఆమెకు ఐదో నెల. అన్నం సయిస్తలేదు. మీరు షెడ్డుల అడిగితే నహీ సాబ్ అన్నదంట."

"మరి నీకు?"

"నన్ను వరసల ఏయుండ్రి. పల్సానా రోడ్డైన సరే."

ఆ రోజే రెండు గంటలూ ఆ ఐదో నెల అమ్మాయికి రాశాను. ఈమెను, తనడిగినట్టే, మళ్ళీ వరసలో వేశాను. ఏడు నెలలూ గడిచాయి, ఒక్క రోజు కూడా ఆమె ఆలస్యంగా రాలేదు. ఖాయం చేసిన ఆర్డరు వచ్చినప్పుడు నేనే చేతికిచ్చాను. పాపను చంకనేసుకుని వచ్చింది ఆ రోజు, స్టేషనంతా మిఠాయి పంచింది. నాకు మాత్రం రెండు ముక్కలు పెట్టి, "మీరు లేకుంటే నౌకరీ పోతుండె సార్," అంది, నిజంగానే సంతోషంగా. ఆమె మొహంలోకి చూడడానికి నాకు మొహం చెల్లలేదు.